మళ్ళీ రక్తం అడుగుతున్నారు, ఇవ్వాలా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక ఊరు, ఉద్దానం అంటే మీకు తెలిసే ఉంటుంది, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం. అమ్మా నాన్నా జీడితోట పని, నేను డిగ్రీ అయ్యి ఇంట్లో ఉన్నా. మా పెదనాన్న రెండేళ్ళు డయాలసిస్ చేయించుకుని పోయారు. మా ఊళ్ళో ఇప్పటికి రెండుసార్లు ఎవరెవరో వచ్చి రక్తం తీసుకెళ్ళారు, ఒక్క రిపోర్టు కూడా మా చేతికి రాలేదు. ఇప్పుడు ఇంకో టీమ్ వచ్చింది, బయోమార్కర్ స్టడీ అంట, రక్తం 10 ఎంఎల్, మూత్రం, మా బావి నీళ్ళు కావాలంటున్నారు. ఆరు పేజీల కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, అందులో మిగిలిన శాంపిల్ భవిష్యత్తు పరిశోధనలకి దాచుకుంటాం అని ఉంది. నాన్న ఇవ్వనంటున్నారు, మన రక్తం ఫారిన్ కంపెనీలకి అమ్ముకుంటారు అంటున్నారు. అన్నయ్యకి సంబంధాలు చూస్తున్నాం, టెస్టులో ఏమైనా వస్తే బయటికి పొక్కుతుందని అమ్మ భయం. పోయిన నెల టౌన్లో ఇద్దరికీ టెస్ట్ చేయించా, నాన్నకి (48 ఏళ్ళు) క్రియాటినిన్ 1.3, అమ్మకి (44 ఏళ్ళు) 1.2. షీట్ మీద 0.6 నుంచి 1.4 వరకు నార్మల్ అని ఉంది, అమ్మకి పర్లేదు గానీ నాన్నది బోర్డర్లో ఉందని దిగులుగా ఉంది. అసలు బయోమార్కర్ అంటే ఏంటి, రక్తం ఇవ్వాలా వద్దా చెప్పండి అక్కా.

సమాధానం:

చెల్లీ, రక్తం ఇవ్వడం సంగతి తర్వాత, ముందు మీ అమ్మ సంగతి చూద్దాం. నువ్వు నాన్న 1.3 చూసి దిగులు పడుతున్నావు, నా కళ్ళు మాత్రం అమ్మ 1.2 దగ్గర ఆగిపోయాయి.

క్రియాటినిన్ అంటే మన కండల్లోంచి రోజూ రక్తంలోకి దిగే చెత్త. కిడ్నీ దాన్ని మూత్రంలోకి తోసేస్తుంది, కిడ్నీ నెమ్మదిస్తే అది రక్తంలో పేరుకుంటుంది, అందుకే దాన్ని కొలుస్తారు. కానీ కండ ఎక్కువున్న మనిషికి ఆ చెత్త ఎక్కువ తయారవుద్ది, బక్కపల్చగా ఉన్నవాళ్ళకి తక్కువ, ఆడవాళ్ళకి మామూలుగానే మగవాళ్ళ కన్నా తక్కువ. మరి ఇద్దరికీ ఒకే గీత గీసి 1.4 లోపు నార్మల్ అని కాగితం మీద అచ్చేస్తే ఎలా? నేను ఇద్దరి వయసూ ఆడా మగా అన్నీ వేసి 2021లో వచ్చిన ఫార్ములాతో లెక్క కట్టా. నాన్నకి ఈజీఎఫ్‌ఆర్ 68 దగ్గర వచ్చింది, అమ్మకి 57. ఈజీఎఫ్‌ఆర్ అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని ఎంఎల్ వడకడుతున్నాయో చెప్పే అంచనా. అది 60 కన్నా తక్కువగా మూడు నెలలకి మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. నాన్నది 68, ఆ వయసుకి గొప్పదేం కాదు, ఆయన్ని కూడా చూపించాలి, కానీ "అమ్మకి పర్లేదు" అని నువ్వు పక్కన పెట్టేశావే, ముందు చూడాల్సింది ఆవిడనే.

ఇది చదివి ఇప్పుడే ఏడుపు మొదలెట్టకు. ఒక్కసారి చూసిన నంబర్ తో ఎవరికీ జబ్బు అంటగట్టకూడదు. ముందురోజు ఎండలో జీడిపిక్కలు ఏరి నీళ్ళు తాగకుండా వచ్చినా పెరుగుద్ది, రాత్రి చేపలో మాంసమో గట్టిగా తిన్నా కొంచెం పెరుగుద్ది. ఇంకోటి, చాలా ల్యాబుల్లో ఈరోజుకీ క్రియాటినిన్ కొలిచేది 1886లో మాక్స్ జాఫే అనే ఆయన కనిపెట్టిన రసాయన చర్యతోనే, పిక్రిక్ యాసిడ్ కలిపితే నారింజ రంగొస్తుంది, రంగు ఎంత ముదిరితే క్రియాటినిన్ అంత ఉన్నట్టు. ఆ రంగు వేరే పదార్థాలకి కూడా వస్తుంది, ఉదాహరణకి షుగర్ బాగా పెరిగినా, కీటోన్లున్నా. ఎంజైమ్ పద్ధతి ఇంకోటి ఉంది, అది మెరుగు, రేటెక్కువ. నేను ల్యాబ్లో పనిచేసిన రోజుల్లో సరదాకి ఒకే ట్యూబ్ రక్తాన్ని మూడు చోట్లకి పంపించాం, మూడు అంకెలొచ్చాయి, మా సార్ నవ్వి ఊరుకున్నారు, నాకైతే ఆ రోజు భోజనం సరిగ్గా దిగలేదు. అందుకని అమ్మకీ నాన్నకీ మళ్ళీ చేయించు, అదే ల్యాబ్లో, ముందురోజు తోట పని మానిపించి, నీళ్ళు మామూలుగా తాగించి, పొద్దున్నే. దాంతోపాటు పొద్దుటి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో (అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలో ఎంత పోతోందో చెప్పేది), బీపీ, షుగర్. తర్వాత మూడు నెలలకి ఇంకోసారి. ఈలోపు రెండోసారి కూడా అమ్మది 60 లోపే వస్తే మూడు నెలలు ఆగొద్దు, పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్లో మొదలయ్యాయి కదా, అక్కడ నెఫ్రాలజీ, అంటే కిడ్నీ డాక్టర్ల ఓపీకి తీసుకెళ్ళు. ఆర్ఎంపీ దగ్గర మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లూ మాత్రలూ వాడుతుంటే ఈరోజే ఆపించు, ఆ మందు కిడ్నీకి మంచిది కాదు, వేరే ఏం వాడాలో డాక్టర్ని అడగాలి.

ఇంక బయోమార్కర్ అంటావా. అదేదో రాకెట్ సైన్స్ అనుకోకు, ఒంట్లో లోపల జరిగేదాన్ని బయట నుంచి కొలిచి చెప్పే గుర్తు, అంతే. నుదుటి మీద చెయ్యేసి జ్వరం చూస్తామే అదీ ఆ బాపతే. షుగర్ టెస్ట్ బయోమార్కరే, క్రియాటినిన్ బయోమార్కరే. మరి కొత్తవి ఎందుకు వెతుకుతున్నారంటే ఉన్నవాటితో ఉద్దానంలో పని జరగట్లేదు. క్రియాటినిన్ పెరిగేసరికి చాలామందికి కిడ్నీ పని సగం దాకా పోయి ఉంటుంది, ఇల్లు కాలాక బావి తవ్వినట్టు. పోనీ మూత్రంలో ప్రోటీన్ చూద్దామంటే, అది షుగర్ వల్లో బీపీ వల్లో వచ్చే కిడ్నీ జబ్బుకి బాగా పనికొస్తుంది, అక్కడ పాడయ్యేది జల్లెడ భాగం, జల్లెడకి చిల్లు పడితే ప్రోటీన్ కారిపోతుంది. మీ దగ్గరి జబ్బు వేరే రకం, జల్లెడ కన్నా దాని కింద ఉండే సన్నటి గొట్టాల చుట్టూ ముందు దెబ్బ తగులుతుంది, ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్ళ వాపు రాదు, బీపీ కూడా చాలామందికి చివర్లోనే వస్తుంది. అంటే పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) మూత్రంలో పట్టీ ముంచి రంగు మారలేదు కాబట్టి బావున్నావు పో అని పంపించిన మనిషికి లోపల జబ్బు నడుస్తూనే ఉండొచ్చు. మీ పెదనాన్నకి కూడా ఎప్పుడు తెలిసిందో ఒకసారి గుర్తుచేసుకో, ఆకలి పోయి వాంతులు మొదలయ్యాకే అయ్యుంటుంది.

అందుకే ఆ గొట్టాలు దెబ్బతిన్నప్పుడు మూత్రంలోకి వచ్చే కిమ్-1, ఎన్‌గాల్ లాంటి ప్రోటీన్ల మీద పరిశోధనలు జరుగుతున్నాయి. అవి ముందే చెప్తాయని ఆశ. ఆశే, ఇంకా మీ పీహెచ్‌సీలో రాసే టెస్టులు కావు. ఎన్‌గాల్ అయితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరిగిపోతుంది, మరి పొద్దంతా తోటలో ఉండి మూత్రం ఆపుకునే ఆడవాళ్ళల్లో ఇన్ఫెక్షన్లు ఎన్ని ఉంటాయో నీకు నేను చెప్పాలా. పట్నం ఆసుపత్రిలో ఏసీ గదిలో పడుకున్న పేషెంట్ల మీద బాగా పనిచేసిన మార్కర్ మీ ఊళ్ళో పనిచేస్తుందో లేదో మీ ఊళ్ళో చూస్తేనే తెలిసేది, వేరే దారి లేదు.

ఇది మనకి ఒక్కళ్ళకే వచ్చిన తంటా కాదు. ఆఫ్రికాలో మలావి, ఉగాండా, దక్షిణాఫ్రికా మూడు దేశాల్లో రెండున్నర వేల మందికి పైగా జనం మీద కిడ్నీ పనిని ఐయోహెక్సాల్ అనే మందు ఎక్కించి గంటల తరబడి రక్తం తీసి నేరుగా కొలిచారు, 2022లో ఫలితాలొచ్చాయి. క్రియాటినిన్ ఫార్ములాలు కిడ్నీ పనిని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తున్నాయని తేలింది, అంటే జబ్బున్న వాళ్ళని కూడా బావున్నారనేస్తున్నాయి. సిస్టాటిన్-సి అనే ఇంకో మార్కర్ మెరుగ్గా నిలబడింది, అది కండ మీద అంత ఆధారపడదు (థైరాయిడ్ తేడా ఉన్నా స్టెరాయిడ్లు వాడినా అదీ తప్పుతుందిలే). కారణం ఏముంది, ఆ ఫార్ములాలు కట్టింది ఎక్కువగా పాశ్చాత్య దేశాల వాళ్ళ ఒళ్ళు చూసి, గంజీ అన్నం తిని బక్కగా ఉన్న ఒళ్ళు చూసి కాదు. నేను మీ అమ్మకి కట్టిన 57 కూడా అలాంటి ఫార్ములాదే, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దంటున్నా, అసలు సంగతి ఇంకొంచెం తక్కువే అయ్యుండొచ్చు.

మీలాంటి ఊళ్ళు శ్రీలంకలో అనురాధపుర, పొలన్నరువ వైపు ఉన్నాయి, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీల ఊళ్ళున్నాయి. అక్కడా షుగర్ లేదు, బీపీ లేదు, కిడ్నీ పోతుంది, వయసులో ఉన్న మగాళ్ళు పోతున్నారు. నికరాగువాలో ఎండ దెబ్బే పెద్ద కారణమని అనుమానించి చెరకు తోటల్లో నీళ్ళూ నీడా విశ్రాంతీ ఇచ్చే పద్ధతి పెట్టారు. ఉద్దానంలో మాత్రం నీళ్ళన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, జీన్స్ అన్నారు, ఎండ అన్నారు, ఒక్కటీ ఇదే అని తేలలేదు. ఎవడైనా వచ్చి కారణం దొరికేసిందండీ అంటే నమ్మకు, ఆయుర్వేదం పొడి అమ్మేవాడైతే అసలు గుమ్మం ఎక్కనివ్వకు.

నువ్వు అడగొచ్చు, ఇన్నిసార్లు రక్తం తీస్తే ఒరిగిందేంటి అని. ఒకటి ఒరిగింది. ఊళ్ళకి ఊళ్ళు తిరిగి ఇంటింటా లెక్క తీసిన సర్వేల వల్లే ఉద్దానంలో పెద్దవాళ్ళల్లో దగ్గర దగ్గర ఐదుగురిలో ఒకళ్ళకి కిడ్నీ జబ్బు ఉందని, అందులో ఎక్కువమందికి షుగరూ బీపీ కారణం కాదని తేలింది. విశాఖలో నెఫ్రాలజిస్ట్ టి. రవిరాజు గారు వాళ్ళు చేసిన సర్వే ఒకటి 2019లో పేపర్‌గా వచ్చింది, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళది ఇంకోటి. అంతకుముందు ఏళ్ళ తరబడి మీవాళ్ళు చెప్తుంటే అందరూ ఏదో పుకారన్నట్టు చూశారు. మీ పక్క డయాలసిస్ సెంటర్లు, పలాస ఆసుపత్రి, హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్ళు, ఇవన్నీ అడగడానికి చేతిలో లెక్క ఉండబట్టే అడగగలిగారు.

అయినా మీ నాన్న కోపం తప్పు అనను, అననే అనను. నేను ఫీల్డ్ లో తిరిగిన రోజుల్లో ఒక ఊళ్ళో ముసలాయన రచ్చబండ మీద కూర్చుని చెయ్యి చాపాడు, చాపి "ఎన్నిసార్లు తీస్తారమ్మా రగతం, సీసాలట్టుకుని ఎలిపోతారు, మరి కనబడరు" అన్నాడు. నేను ఈసారి రిపోర్ట్ తెస్తాం తాతా అన్నా. ఆ మూత్రం శాంపిళ్ళు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో ఉండాలి, మార్కర్ ప్రోటీన్లు వెచ్చబడితే విరిగిపోతాయి. మేం దాచిన చోట ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయింది, జనరేటర్లో డీజిల్ లేదు, తాళం చెవి ఉన్న మనిషి ఊళ్ళో లేడు. పొద్దున్న డబ్బా తీసి చూస్తే అట్టపెట్టెలు తడిసి మెత్తబడ్డాయి, ట్యూబుల మీద మార్కర్ పెన్నుతో రాసిన నంబర్లు కారిపోయి నీలం మరకలయ్యాయి. వందల ట్యూబులు పారబోశాం. ఊరికి వెళ్ళి ఇలా జరిగిందని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పై నుంచి చెప్పొద్దన్నారు అనుకో, ఆ తాత ముందు అది ఏం సాకు. మీ ఊళ్ళో తీసుకెళ్ళిన రెండుసార్ల రక్తం కూడా అలా పోయిందని నేననట్లేదు, రిపోర్ట్ రాకపోవడానికి ఎన్ని కారణాలుంటాయో చెప్తున్నా. కొన్నిసార్లు స్టడీ డిజైన్లోనే మనిషికి రిపోర్ట్ ఇవ్వాలని ఉండదు, ఆ మాట కాగితంలో ఎక్కడో ఉంటుంది, సంతకం పెట్టించేటప్పుడు చదివి వినిపించరు.

కాబట్టి ఆ ఆరు పేజీలు నువ్వు చదువు, నువ్వు చదువుకున్నదానివి, ఊళ్ళో నలుగురికీ నువ్వే చదివి వినిపించు. తెలుగులో లేకపోతే తెలుగులో తెమ్మను, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఒక కాపీ మీకివ్వాలి, మధ్యలో మానేస్తానంటే మానేయొచ్చు, మానేసినందుకు ఆసుపత్రిలో వైద్యం ఆపకూడదు. పరిశోధన న్యాయంగా జరుగుతుందా అని చూసే ఎథిక్స్ కమిటీ పేరూ ఫోన్ నంబరూ అందులో ఉండాలి, లేకపోతే అక్కడే ఆపేయ్. తర్వాత ముఖాముఖి అడుగు, మా క్రియాటినిన్ రిజల్ట్ మాకెప్పుడిస్తారు, ఎవరిస్తారు, బాగాలేకపోతే ఎక్కడికి పంపిస్తారు అని, జవాబు తేదీతో కాగితం మీద రాయించుకో. కిమ్-1 లాంటి పరిశోధన మార్కర్ల రిజల్ట్ ఇవ్వకపోతే గొడవ పడకు, దాంతో నీకూ నాకూ ఏం చెయ్యాలో తెలీదు, వాళ్ళకీ ఇంకా తెలీదు. క్రియాటినిన్, అల్బుమిన్, షుగర్, బీపీ ఇవి మాత్రం ఇచ్చి తీరాలి అను. ఆ రోజు కూలి పోతుంది కదా, దానికి ఏమైనా ఇస్తారా అని అడగడం కూడా సిగ్గు పడాల్సిన విషయం కాదు.

10 ఎంఎల్ గురించి ఊళ్ళో భయపడుతుంటే రెండు టీస్పూన్లని చెప్పు, రక్తదానం చేసేవాళ్ళు 350 ఎంఎల్ ఇస్తారు.

భవిష్యత్తు పరిశోధనలకి దాచుకోవడం అనేది వేరే ఒప్పందం, దానికి విడిగా అవును కాదు అని టిక్ పెట్టే చోటు ఉండాలి. మీరు ఈ స్టడీకి అవును అని, దాచుకోవడానికి కాదు అని పెట్టొచ్చు. లేదా కిడ్నీ పరిశోధనకే, జన్యు పరీక్షలకి మళ్ళీ వచ్చి అడగాలి అని రాయొచ్చు. ఫారిన్ కి పంపుతారా అని సూటిగా అడుగు. బయటి దేశం వాళ్ళతో కలిసి చేసే పరిశోధన అయితే కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి ఉండాలి, శాంపిల్ దాటించాలంటే ఆ సంస్థల మధ్య ఒప్పంద పత్రం ఉండాలి, అడిగితే చూపించలేని వాళ్ళకి ఇవ్వాల్సిన పని లేదు. నాన్న అన్నట్టు రక్తాన్ని సంతలో వంకాయల్లా అమ్ముకోవడం జరగదు గానీ, రేపు ఆ శాంపిళ్ళ మీద ఒక టెస్ట్ కిట్ తయారై ఎవరికో పేటెంట్ వచ్చి, అదే కిట్ మీ పీహెచ్‌సీకి కొనలేని రేటులో ఉంటే? ఆ ప్రశ్న న్యాయమైనదే, లాభంలో ఊరికి వాటా ఏంటని అడగొచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది.

నాన్న అనుమానం గాల్లోంచి కూడా పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్ట్ నడిపినప్పుడు చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు, 2010లో అది ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, అడగకుండా చేసిన పని మంచిది కాదు. అలాంటివి జరిగాకే ఈ కాగితాలు ఆరు పేజీలయ్యాయి.

అన్నయ్య సంబంధం విషయంలో అమ్మ భయం నాకర్థమైంది, ఉద్దానం అనగానే పిల్లనివ్వడానికి వెనకాడే వాళ్ళున్నారని తెలుసు. పేరు బదులు కోడ్ నంబర్ వేస్తారా, పేరూ కోడూ ఉన్న లిస్ట్ ఎవరి దగ్గర ఉంటుంది అని అడుగు. అసలు లీకయ్యేది ఎక్కువగా కంప్యూటర్ నుంచి కాదు, పంచాయతీ ఆఫీసు ముందు టేబులేసి అందరి ముందు పేరు పిలిచి "మీకు కొంచెం ఎక్కువుందమ్మా" అనడం వల్ల. రిజల్ట్ ఇంటికొచ్చి కవర్లో ఇవ్వమను, లేదా పలాసలోనే తీసుకుంటామను. ఆశా వర్కర్ కి ఇవ్వాలా వద్దా అన్నది కూడా మీ ఇష్టం, మీ ఊరి ఆశా ఎలాంటి మనిషో నీకే తెలుసు. అన్నయ్యకి కూడా టెస్ట్ చేయించు చెల్లీ, పెళ్ళికి ముందు తెలిస్తే దాచిపెట్టాల్సొస్తుందని భయపడి అసలు తెలుసుకోకుండా ఉండటం వాడికే నష్టం.

నన్నడిగితే, రిపోర్ట్ ఎప్పుడిస్తారు, శాంపిల్ దాచుకుంటారా, ఫారిన్ కి పంపుతారా, పేరు ఎవరి దగ్గర ఉంటుంది, ఈ నాలుగు ప్రశ్నలకీ సరైన జవాబులొస్తే ఇవ్వండి అంటా. రాకపోతే వద్దు, మొహమాటం అక్కర్లేదు, వచ్చినవాళ్ళు ఎంత పెద్ద డాక్టర్లైనా సరే. నాన్న అప్పటికీ వద్దంటే ఆయన్ని బలవంతం చెయ్యకు, నువ్వూ అమ్మా ఇచ్చి ఆయన ఇవ్వకపోయినా ఏం కాదు. కానీ స్టడీకి ఇచ్చాం కదా అని సొంత టెస్ట్ మానొద్దు, వాళ్ళ పని వాళ్ళది, రిపోర్ట్ ఆర్నెల్లకి రావొచ్చు, అమ్మకి ఆర్నెల్లు ఆగే వీల్లేదు.

ఆ కాగితంలో దాచుకోవడం గురించి ఉన్న పేజీ ఫోటో తీసి పంపు, సంస్థ పేరు మూసేసి పంపినా పర్లేదు, చదివి చెప్తా. అమ్మ రెండో రిపోర్ట్ వచ్చాక కూడా రాయి. వయసూ బరువూ, ముందురోజు ఏం తిన్నదీ, ల్యాబ్ ఏ పద్ధతిలో చేసిందీ రాయడం మర్చిపోకు, పద్ధతి షీట్ మీద అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది, లేకపోతే కౌంటర్లో అడుగు.